ఐసులో పెట్టిన వెన్నునీరు

జూన్ పదకొండో తేదీ, మంగళవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, మా వంశంలో తొలి పట్టభద్రుడినైన నేను నా తొలి ఘనకార్యానికి శ్రీకారం చుట్టాను. మీరు నిరభ్యంతరంగా నవ్వవచ్చు. ఆ హక్కు లేనివాణ్ణి నేనొక్కణ్ణే.

మాది కొల్లేటి చేపల కుటుంబం. మా ఇళ్ళలో దేవుడి తర్వాత నమ్మేది ఐసునే. పెదపాడు దగ్గర చెరువు తూముకు అడ్డుపడ్డ చెత్త తీయడానికి మునిగిన మా మావయ్య, వారం తిరగకుండా జ్వరంతో, భరించలేని తలనొప్పితో, నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరిన ఏలూరు ఆసుపత్రికే వచ్చాడు. ముక్కులోకి పోయిన నీటితో అమీబా మెదడుకు చేరిందేమోనని డాక్టరమ్మగారి అనుమానం. వెన్నులోంచి నీరు తీసి నా చేతికిచ్చి, "అమీబా కోసం చూడండి, జాగ్రత్తండీ" అన్నారు.

జాగ్రత్త! ఆ మాటకు నాకంటే అర్హుడెవరు? లేబుల్ అంటించాను. రిజిస్టరులో గుండ్రని అక్షరాలతో రాశాను. సొంత మావయ్య శాంపిలు ముందు చూస్తే పక్షపాతమవుతుందని, వరుసలోని రక్తపరీక్షలన్నీ అయ్యేదాకా దాన్ని ఫ్రిజ్‌లో ఉంచాను.

"పాడవదు కదరా?" అంది మావయ్యతో వచ్చిన అత్త.

"ఫ్రిజ్‌లో ఉందత్తా, ఐసులో పెట్టినట్టే."

"అయితే భయం లేదులే."

రెండు గంటల తర్వాత డాక్టరుగారు పరుగున వచ్చారు. "రిపోర్టేదండీ?"

"శాంపిలు ఫ్రిజ్‌లో భద్రంగా ఉందండీ."

"ఫ్రిజ్‌లోనా! ఏవండీ, అమీబా వెచ్చగా ఉంటేనే కదులుతుంది. కదలకపోతే దానికీ తెల్లకణానికీ తేడా ఎలా చెబుతారు?"

మైక్రోస్కోపులో చూశాను. మధ్యాహ్నం ఆఫీసులో గుమస్తాల్లా కణాలన్నీ గుండ్రంగా, నిశ్చలంగా కూర్చున్నాయి. చదవేస్తే ఉన్న మతి పోతుందంటారు. నా మతి పోలేదు, గడ్డకట్టింది.

మావయ్య వెన్నులో మళ్ళీ సూది దించారు. అతని మూలుగు ల్యాబ్ దాకా వినిపించింది.

"ఇందాకటి నీళ్ళేమయ్యాయిరా?" అంది అత్త.

"పాడైపోయాయత్తా."

"ఐసులో పెట్టానన్నావు?"

"అందుకే పాడయ్యాయి."

"ముప్పై ఏళ్ళుగా చేపలకి ఐసేస్తున్నాను. ఐసులో పెట్టి పాడుచేసినోణ్ణి నిన్నే చూశాన్రా, డిగ్రీ!"

రెండో శాంపిలును గుప్పిట్లో వెచ్చగా పట్టుకుని పరుగెత్తాను. మైక్రోస్కోపు కింద ఒకటి మెల్లగా కాలు చాచింది. వెంటనే మందు మొదలైంది.

మావయ్య బతికాడు. ఎడమ చెవికి మాత్రం వినికిడి పోయింది. ఆ రెండు గంటల వల్లేనా అని అడిగితే, "చెప్పలేమండీ" అన్నారు డాక్టరుగారు. ఆవిడది మంచి మనసు.

ఇకపై ఈ జన్మలో చేపను తప్ప దేన్నీ నా అంతట నేను ఐసులో పెట్టనని కొల్లేటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.

ఇప్పుడు మా ల్యాబ్‌లో వెన్నునీరు ఎవరిదైనా వరుస చూడకుండా ముందు పరీక్షిస్తాం. ఇంటికి వెళితే నేను మావయ్యకు కుడివైపున కూర్చుంటాను.