వాలుకుర్చీ సైకిలుకు తలపట్టీ

రండి, ఆ చాప లాక్కుని దగ్గరగా కూర్చోండి. కాళ్లు చాపుకున్నా నేనేమీ అనుకోను. మా ఆయన పడుకుని తొక్కిన సైకిలు సంగతి చెబుతాను. నవ్వొస్తే ఆపుకోకండి. అప్పట్లో మా వీధి వీధంతా నవ్వింది.

మాది అరవదేశంలో, కనకమ్మ సత్రం ఊరి పక్కన నేతవాళ్ల వీధి. లుంగీలు నేసేవాళ్లం. మా ఆయన మా అమ్మకు స్వయానా తమ్ముడు. పెళ్లయ్యాక కూడా మామా అనే పిలిచేదాన్ని. అత్తగారంటే నాకు అమ్మమ్మే, ఆమెను అవ్వా అనేదాన్ని. ఇంట్లో మేం ముగ్గురమే.

నేసిన లుంగీల మూట తిరుత్తణిలో నూలు అంగడికి చేర్చి, మళ్లీ నేతకు నూలు ఎంచి తేవడం మామ పని. వేళ్ల మధ్య ఒక్క పోగు తెంపి చూసి, ఈ నూలు మగ్గం మీద నిలుస్తుందో లేదో చెప్పేవాడు. అలాంటి మనిషి ఒక వానరోజు బస్సు మీదికి మూట ఎక్కిస్తూ వెనక నిచ్చెన మీంచి జారి వెల్లకిలా పడ్డాడు. తిరువళ్లూరు ఆసుపత్రిలో చాలాకాలం పడుకోబెట్టారు. కాళ్లకేమీ కాలేదు. నడుము మాత్రం వంగనంది. కాసేపు నిలబడగలడు, నాలుగడుగులు వేయగలడు, బస్సులో కూర్చోలేడు. వాలుకుర్చీయే ఆయన లోకమైపోయింది.

మగ్గం గుంటలోకి నేను దిగాను. నేత నాకు కొత్త కాదు. కష్టమంతా నూలుతోనే వచ్చింది. మా మూటలు పక్కింటాయన తీసుకుపోయేవాడు. పాపం, తన నూలు ఎంచుకున్నాక మిగిలింది మాకు తెచ్చేవాడు. ఆ నూలు పట్టుకుంటే పుటుక్కున తెగేది. సగం పొద్దు నేతకు, సగం పొద్దు ముడులకు. ముడి వేసినప్పుడల్లా మామ కుర్చీలోంచి చూసి మొహం గోడకు తిప్పుకునేవాడు.

ఒకరోజు అన్నాడు: "తిరుత్తణికి నేనే పోవాల. నా చేత్తో నూలు ఎంచాల. ఎట్లనో నాకు తెల్దు మే, పోవాల."

సత్రం కూడలిలో సైకిలు అంగడి పెట్టుకున్న అరవ మెకానిక్ మామకు స్నేహితుడు. చూడ్డానికి వచ్చి, కుర్చీ చుట్టూ రెండుసార్లు తిరిగి, "అన్నా, నువ్వు కుర్చీలో నుంచి లెయ్యొద్దు. కుర్చీకే చక్రాలు పెడతా" అన్నాడు. పరాచికమనుకున్నాం. కాదు. వెనక రెండు చక్రాలు, ముందొకటి, కాళ్లు చాపిన చోట పెడల్లు, మధ్యన అతుకులేసిన పొడుగాటి చైను, మూటకు వెనకాల ఒక చెక్కపెట్టె. గుడ్డ కుర్చీలో వెనక్కి వాలి తొక్కడమే. నడుము వంగనక్కర్లేదు.

వీధిలోకి తీసిన రోజు అవ్వే మొదట నోరు పారేసుకుంది. "పడుకున్నోడు పోయే బండి లోకంలో ఒకటే ఉండాదిరా నాయనా. దానికి నలుగురు మోసేవాళ్లు గూడా ఉంటారు."

"దాని మీద పడుకున్నోడు తొక్కడు గదమ్మా. నేను తొక్కుతాండా చూడు" అని మామ సాగిపోయాడు.

వీధి చివరిదాకా బాగానే పోయాడు. పెద్దరోడ్డు ఎక్కాక తెలిసింది అసలు సంగతి. చెరుకు బళ్లు తిరిగి తిరిగి తారు లేచిపోయి, రోడ్డంతా గుంటలు, తేలిన కంకర. అంత వెనక్కి వాలిన మనిషికి తల ఆనించే చోటు లేకపోతే మెడ వణికిపోతుంది. మెకానిక్ ఒక పలక బిగించి ఇచ్చాడు. గుంట వచ్చినప్పుడల్లా ఆ పలక వెనకనుంచి మొట్టికాయలు వేసేది. మామ నాలుక కొరుక్కుని ఇంటికొచ్చాడు. కళ్ల ముందు రోడ్డు రెండుగా ఆడుతోందట, ఏ రాయి ఎక్కడుందో తెలియలేదట.

బూరుగుదూది దిండు కుట్టి పలకకు కట్టాను. రెండు రోజులకే దూది ముద్ద కట్టి అంచులకు పోయింది, మధ్యన మళ్లీ పలకే. మెకానిక్ సైకిలు ట్యూబు చుట్టగా చుట్టి గాలి కొట్టి పెట్టాడు. అది ఇంకా అన్యాయం. తలను బంతిలాగా ఎగరేసింది.

"ఇరు అక్కా, గాలి కొంజెం తగ్గిస్తా" అన్నాడు, ఆగమని చెయ్యి చూపిస్తూ.

"గాలి తగ్గిస్తే పలక తగులుతాది, ఎక్కిస్తే తల ఎగురుతాది. యాడికని తగ్గిస్తావన్నా?" అన్నాను.

అప్పుడు మాకు మా విద్య గుర్తొచ్చింది. మగ్గం మీద మిగిలిన పడుగుతో అరచేతి వెడల్పున మందంగా ఒక పట్టీ నేశాను. పలక తీసేయించి, రెండు ఇనుప కమ్ములు నిలబెట్టించి, వాటి నడుమ పట్టీ కట్టాం. మామ ఒకవైపు, నేనొకవైపు లాగి లాగి బిగించాం. వేలితో మీటితే మోగింది. ఎంత మురిసిపోయామో! మరునాడు మామ సత్రం దాటకుండానే తిరిగొచ్చాడు. మెడ రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

"ఇది అయ్యేది గాదు మే. విప్పేసి చక్రాలు మెకానిక్కు ఇచ్చేయ్. మిగిలిన నూలే మన రాత అనుకుంటా."

రాత అనే మాట ఆ నోట వినడం అదే మొదలు. పక్కింటాయన తెచ్చిన నూలు మగ్గం మీద ఉంది, దాన్ని చూస్తేనే నా వేళ్లు నొప్పి పుట్టేవి. విప్పనివ్వకూడదనుకున్నాను.

తెల్లారి, మామ లేవకముందే సైకిలు వీధిలోకి లాగి, చీర కాళ్ల మధ్య దోపుకుని నేనే ఎక్కి పడుకున్నాను. "అవ్వా, వెనకనుంచి తొయ్యి" అన్నాను.

"నీకు గూడా పిచ్చి పట్టిందా పిల్లా? ఊరు లేస్తాది, దిగు!"

"లేచేలోపల తొయ్యి."

తిట్టుకుంటూనే తోసింది. రాళ్లున్న చోటికే పోనివ్వమన్నాను. పడుకుంటే తెలిసింది. మెత్తదనం కొరత కాదు. చక్రం కింద రాయి పడితే ఆ దెబ్బ కమ్ముల్లోంచి పట్టీలోకి, పట్టీలోంచి నేరుగా నా బుర్రలోకి వచ్చేస్తోంది. డప్పు మీద శనగగింజలా ఎగురుతోంది తల.

అవ్వ ఆయాసంతో బండి ఆపింది. "ఏందే ఇది, ఇంత బిర్రుగా కట్టినారు? బిడ్డను గుడ్డ ఉయ్యాల్లో ఏసేటప్పుడు ఇట్లనే లాగి కడతామా? బిడ్డ బతుకుతాదా?"

సిగ్గనిపించింది. నేతింట పుట్టినవాళ్లకు వదులు అంటే తప్పు. పడుగు వదులైతే అది గుడ్డ కాదు, గోనెసంచి అని మా తాత తిట్టేవాడు. అందుకే మా ఇద్దరికీ ఆ ఆలోచనే రాలేదు.

ఆలోచన వచ్చినా చేతులు వింటాయా! వదులుగా కడదామని కూర్చుంటాను, ముడి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే ఒక్క గుంజు గుంజుతుంది. విప్పడం, కట్టడం. చివరికి అవ్వ నన్ను పక్కకు తోసి, ఉయ్యాల కట్టినట్టు తనే కట్టింది. పట్టీ మధ్యన జోలెలాగా దిగింది. తల అందులో కూర్చుంది. కాకపోతే గుంటలో పడినప్పుడు పక్కకు దొర్లి చెవి కమ్మికి కొట్టుకుంది. కమ్ములు ఎడం చేయించాం, వాటికి పాత చీర చుట్టాం. మెకానిక్ ట్యూబును రిబ్బన్లలాగా కోసి పట్టీ కొసలకు కట్టాడు, దెబ్బ వస్తే రబ్బరు సాగి అక్కడే మింగేస్తుంది. ఒక్కటే మిగిలింది, దూరం పోతే మెడ లాగడం. మెత్త ఉండాల్సింది తల వెనక కాదు, మెడ వంపులో అని మళ్లీ ఎక్కి పడుకున్నాకే కనిపెట్టాను. పాత లుంగీని గట్టిగా కాకుండా చుట్టి, పట్టీ కింది అంచుకు కుట్టేశాను.

ఈసారి నేనెక్కి చూసేసరికి వీధి లేచే ఉంది. నవ్వేవాళ్లు నవ్వారు. ఒకామె "నేను గూడా ఎక్కేదా అక్కా?" అంది. "మూట పెట్టె ఖాళీగానే ఉండాది, రా" అన్నాను.

మామకు మాత్రం నమ్మకం కుదరలేదు. పట్టీని వేలితో మీటి చూశాడు. మోగలేదు. "ఇది మనం కట్టిందేనా?" అన్నాడు.

"కాదు. మీ అమ్మ కట్టింది. ఎక్కు."

లుంగీల మూట పెట్టెలో వేసి, సత్రం కూడలిదాకా పక్కన నడిచాను. గుంట వచ్చినప్పుడల్లా ఆయన మొహమే చూశాను. బండి ఎగిరింది, తల ఎగరలేదు. కూడలి దాటాక ఆయన నన్ను ఆగమనలేదు, రమ్మనలేదు, తొక్కుతూనే పోయాడు. తిరుత్తణి వైపు రోడ్డు మలుపులో ఆ చెక్కపెట్టె మరుగయ్యేదాకా నిలబడ్డాను.

ఆ పగలంతా నేను మగ్గం గుంటలోకి దిగలేదు. దిగినా చెయ్యి ఆడేది కాదు. పొద్దు వాలుతుండగా చైను చప్పుడు వినిపించింది. మామ ఒళ్లంతా దుమ్ము. "మెడ ఎట్ల ఉండాది?" అని పరుగెత్తాను.

"మెడా?" అన్నాడు, దాని సంగతే గుర్తులేనట్టు. "నూలు చూడు మే ముందు! అంగడాయన నాలుగు కట్టలు చూపిస్తే నాలుగూ వద్దన్నా. లోపలి నుంచి ఇది తీసినాడు. తెంపు, తెంపి చూడు."

తెంపాను. పోగు నా వేలు కోసిందే కానీ, తేలిగ్గా తెగలేదు. ఆయన ఆ కుర్చీలో వాలి, అంగడిలో ఎవరెవరు ఏమన్నారో మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు. అన్నం చల్లారిపోయినా ఆపలేదు.

మీరు చల్లగా ఉండాలి. మీ ఇంట్లోంచి పొద్దున పోయిన మనిషి పొద్దు గుంకేలోపు గడప తొక్కాలి. వచ్చినవాళ్లు చెప్పే కబుర్లు వినడానికి మీ ఇంట్లో ఎప్పుడూ ఒకరు మేలుకుని ఉండాలి.