నీలి తెర ముందు అత్త ఒక్కపొద్దు

మొన్న ఆదివారం సంతోష్‌నగర్‌లో మా ఇంటి టీవీ ఉన్నట్టుండి నీలంగా మారిపోయింది. ఆ నీలంలో 'నో సిగ్నల్' అనే చిన్న పెట్టె ఒకటి ఈ మూలకు తగిలి ఆ మూలకు, ఆ మూలకు తగిలి ఇంకో మూలకు, అద్దె ఇల్లు వెతుక్కునే కొత్త కాపురంలా తిరగడం మొదలుపెట్టింది. మా ఆవిడ నన్ను పిలవలేదు. వంటింట్లోంచి వచ్చింది, సెట్‌టాప్ బాక్సును వెనక్కి తిప్పింది, టీవీకీ దానికీ మధ్య బొమ్మనూ మాటనూ కలిపి మోసే హెచ్‌డీఎంఐ తీగను ఊడదీసి, మళ్ళీ గట్టిగా గుచ్చి వెళ్ళిపోయింది. బొమ్మ వచ్చేసింది. టెలిఫోన్ శాఖలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి ఇంట్లో ఉండగా ఆమె అలా చేయడం నన్ను కొంచెం నొప్పించింది. కానీ పిలవకపోవడానికి ఆమె దగ్గర కారణం ఉంది. ఆ కారణం గౌలిపురలో మా మేనత్త ఇంట్లో, నాలుగైదేళ్ళ కిందటి బోనాల రోజున పుట్టింది.

టెలిఫోన్ శాఖ అన్నాను గదా, అక్కడే ఉంది అసలు చిక్కంతా. నేను అక్కడ కూర్చున్నది సెలవుల సెక్షన్లో. ఎవరు ఎన్నాళ్ళు రాలేదో, ఎవరు ఎంత ఆలస్యంగా వచ్చారో రాయడం నా ఉద్యోగం. ముప్పై ఏళ్ళలో నేను ముట్టుకున్న ఒకే ఒక తీగ ఫైళ్ళు కట్టే ట్యాగు. కానీ చుట్టాలకు ఇవన్నీ ఎవరు చెబుతారు? తీగ కనిపిస్తే చాలు, నేను గుర్తొస్తాను. మిక్సీ తిరగకపోతే ఫోను, గీజరు కాగకపోతే ఫోను. ఒకసారి మా పెద్దమ్మ చెవి మిషన్ వినిపించకపోతే కూడా నాకే ఫోను చేసింది, నేను చెప్పింది ఆమెకు వినిపించలేదనుకోండి. ఒక్కసారైనా నాకు రాదని చెప్పి ఉంటే బాగుండేది. గౌరవం దొరికిన చోట దాని రశీదు ఎవరడుగుతారని ఊరుకున్నాను.

మా అత్త మెట్టింది పాలవాళ్ళ ఇంట్లో. ఒకప్పుడు వాకిట్లో పది బర్రెలు ఉండేవట. నేను ఎరిగేనాటికి రెండు, ఇప్పుడు ఒకటి. ఆ ఒక్కదాని పాలతోనే ప్రతి ఆషాఢంలో బోనం వండాలని నియమం. కొత్త కుండకు పసుపు పూసి, వేపాకు కట్టి, లోపల పాలబువ్వ, పైన దీపం పెట్టి, ఆ వీధి బోనాలన్నిటికంటే ముందు మా అత్త నెత్తిన పెట్టుకుని నడిచేది. నలభై ఏళ్ళుగా దీపం ఆరలేదని ఆవిడ గర్వం. ఆ ఏడు మాత్రం తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. మేడ మెట్లు దిగితే ఇంకోసారి కోయాల్సి వస్తుందని డాక్టరు భయపెట్టాడు. బోనం మొదటిసారి కోడలి నెత్తికెక్కింది. అత్త ఒప్పుకుంది, ఒక్క షరతు మీద. ఎప్పటిలాగే తాను ఒక్కపొద్దు ఉంటుంది. దీపం గుడి దాకా ఆరకుండా పోయిందని కళ్ళారా చూశాకే మంచినీళ్ళు తాగుతుంది. అసలే షుగరు మనిషి. ఆ వాడకట్టు కేబుల్ అతను ఊరేగింపును తన సొంత ఛానెల్లో లైవుగా చూపిస్తాడు కాబట్టి, కొడుకూ కోడలూ ధైర్యం చేసి, అత్తను టీవీ ముందు కుర్చీలో కూర్చోబెట్టి బోనంతో బయల్దేరారు. వాళ్ళు సందు మలుపు తిరిగారో లేదో, టీవీ నీలమైంది.

అత్త ఫోను నాకే వచ్చింది. దారులన్నీ మూసేశారు. ఇంట్లో ఉన్న ఇంకో హెచ్‌డీఎంఐ తీగను సంచిలో వేసుకుని, డప్పుల మధ్య నడిచి నడిచి గౌలిపుర చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వీధిలో ఇళ్ళన్నిటికీ తాళాలు. అత్త ఇంటి కింద అద్దెకున్న టైలర్ భాయ్ దుకాణం మాత్రం తెరిచే ఉంది, పండుగ జాకెట్లు ఇంకా రెండు మిగిలాయని. మేడెక్కాను. అత్త పెదవులు ఎండిపోయి ఉన్నాయి, మాట మాత్రం పచ్చిగానే ఉంది.

"వచ్చినవా అల్లుడా? మొగులు చూసినట్టు పొద్దటిసంది గీ నీలాన్నే చూస్తున్న."

"ముందు జర నీళ్ళు తాగు అత్తా. గోలీ ఏసుకో."

"దీపం జూపెట్టు, తాగుత."

రంగంలోకి దిగాను. ముందు రిమోటులో 'సోర్స్' అన్న బొత్తం నొక్కాను. హెచ్‌డీఎంఐ ఒకటి, రెండు, మళ్ళీ ఒకటి. నీలంలో తేడా లేదు. బాక్సు ఆపి, పదంకెలు లెక్కపెట్టి, మళ్ళీ వేశాను. పెద్ద పెద్ద ఇంజనీర్లు కూడా మొదట ఇదే చేస్తారని మా ఆఫీసులో విన్నాను. తర్వాత బాక్సు వెనక చెయ్యి పెట్టి, గోడకూ దానికీ మధ్య ఉన్న బెత్తెడు సందులో తడుముకుంటూ తీగ ఊడదీశాను. దాని కొన పచ్చగా మెరుస్తోంది. "చూసినవా అత్తా, దీనికి బంగారు పూత ఉంటది. మంచి తీగనే" అన్నాను. అత్త ఆసక్తిగా మెడ చాపింది. నాకు ఉత్సాహం వచ్చింది. అయినా ఎందుకైనా మంచిదని నా సంచిలోని తీగ తీసి తడుముతూ గుచ్చాను. కొంచెం బిగుతుగా వెళ్ళింది. కొత్తది గదా అనుకున్నాను. నీలం మాత్రం పాతదే. హెచ్, డీ, ఎం, ఐ అంటే 'హే దేవా, మమ్ముల ఇడిపించు' అని నాకు అప్పుడే అర్థమైంది.

కేబుల్ అతనికి ఫోను చేశాను. డప్పుల హోరులో అరిచాడు. "సార్, నేను గుడికాడ కెమెరా పట్టుకొని ఉన్న. సిగ్నల్ పంపేదే నేను. ఊరంతా వస్తున్నది, మీ ఒక్కింట్లనే ఏందో లొల్లి." పెట్టేశాడు. మేనబావకు చేస్తే ఫోను కలవలేదు. అంత జనంలో మనిషికే మనిషి కలవడు.

ఇక మిగిలింది ఎర్ర, పసుపుపచ్చ, తెల్ల తలల పాత తీగ. అత్త దాన్ని అటక మీద పరుపుచుట్ట కట్టడానికి వాడుతోంది. కుర్చీ ఎక్కి పరుపు విప్పాను. పరుపు నా మీద పడింది. తీగ తెచ్చి తగిలిస్తే డప్పులు వినిపించాయి, కామెంట్రీ వినిపించింది, బొమ్మ లేదు. బొమ్మ మోసే పచ్చ తలను ఎలుక ఎప్పుడో కొరికింది.

"మాట వస్తున్నది గదా అత్తా, వినుకుంట కూసో" అన్నాను, ఓటమిని ఒప్పందంలా కనిపించేట్టు.

"నేనేమన్న రేడియో అడిగిన్నా? దీపాన్ని చెవులతోటి చూస్తరారా? ముప్పై ఏండ్లు గా ఆఫీసుల ఏం జేసినవ్?"

"సెలవులు రాసిన అత్తా."

ముప్పై ఏళ్ళలో మొదటిసారి నిజం చెప్పాను. అత్తకు కోపం వస్తుందనుకున్నాను. "గదేదో ముందుగాల్నే జెప్పొద్దా బిడ్డా, మంచోన్ని పిలుచుకుంటుంటి" అంది నీరసంగా. ఆ నీరసం చూసి నాకు భయం వేసింది. మెట్ల మీద నుంచే భాయ్‌ని కేకేశాను.

భాయ్ మెడలో టేపుతోనే వచ్చాడు. నేను చేసినవన్నీ విన్నాడు. "ధ్వని వచ్చిందంటే బాక్సు మంచిగుంది, టీవీ మంచిగుంది. ఇంక మిగిలింది తీగ గుచ్చే సూరాకే సాబ్" అని, నేను ఒక్కసారి కూడా చేయని పని చేశాడు. బాక్సును పూర్తిగా బయటికి లాగి, వెలుగులో వెనక్కి తిప్పి చూశాడు. చూసి నవ్వడం మొదలుపెట్టాడు.

"అమ్మా, దీనిక్కూడ బొట్టు పెట్టిన్రా?"

"పెట్టనా మరి? సున్నాలేసినంక ఇంట్ల అన్నిటికి పెట్టిన. పొయ్యికి, ఫ్రిజ్జుకు, బండికి. బొట్టు మూతికాడ పెట్టాలె, ఏది ఎటునుంచి తింటదో అటు. దీనికి ఆ సందులకెల్లే గదా తిండి పోయేది?"

పండుగకు గోడలకు సున్నాలు వేసేటప్పుడు తీగలన్నీ ఊడదీశారు. ఖాళీగా ఉన్న ఆ నోట్లో అత్త వేలితో పసుపు ముద్ద నిండుగా పెట్టింది. అది ఎండి గట్టిపడిన మీదనే కోడలు తీగ గుచ్చింది. రెండు రోజులు ఎలాగో లాక్కొచ్చి, పండుగనాడు ఊపిరి వదిలింది. నేను మెచ్చుకున్న బంగారు పూత వంటింటి పసుపు. రెండో తీగతో దాన్ని ఇంకా లోపలికి దట్టించిన ఘనత నాది.

"నీకెట్ల తెల్సింది భాయ్?" అని అడిగాను.

అతను మొహమాటపడ్డాడు. "పోయినేడు కింద నా మిషిన్‌కు సూది మూతికాడ పెట్టిన్రు సాబ్. తెల్లారి ఒక పెండ్లికొడుకు షేర్వానీ కుట్టిన. కాలర్ అంతా హల్దీ. అమ్మకు చెప్పలే. ప్రేమతోటి పెట్టింది గదా."

"అయ్యో, చెప్పొద్దా నాయనా" అంది అత్త. "మరి పెండ్లికొడుకు ఏమన్నడు?"

"శుభం అన్నడమ్మా."

కరెంటు ఆపాం. భాయ్ చీపురు పుల్లను సన్నగా చీల్చి, మిషన్లకు దుమ్ము దులిపే చిన్న కుంచెతో, చెవిలో గుబిలి తీసినంత ఓపికగా ఆ సందు గీకాడు. పచ్చటి పొడి రాలింది. తీగ కొనను నేను నా లుంగీ అంచుతో తుడిచాను, నాకిచ్చిన పని అది. మళ్ళీ గుచ్చి స్విచ్చి వేశాం. బాక్సు ఎర్రదీపంతో కళ్ళు నులుముకుంటూ లేవడం మొదలుపెట్టింది. అప్పుడే బయట గుడి మైకు గట్టిగా పలికింది. గౌలిపుర పాలబోనం గుడికి చేరిందని, దారి ఇవ్వండని.

"పోయింది" అంది అత్త మెల్లగా. "చేరింది, నేను చూడలే." నీళ్ళ చెంబును చేత్తో దూరంగా జరిపింది.

సరిగ్గా అప్పుడు తెర మీద బొమ్మ వచ్చింది. గుడి కాదు, గుడికి ముందరి మలుపు. జనంలోంచి పసుపు కుండ ఒకటి పైకి తేలింది, కింద అత్త కోడలి ముఖం చెమటతో మెరుస్తోంది. నాకు ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. భాయ్ గుసగుసగా అన్నాడు. "లైవ్ కొంచెం వెనకుంటది సాబ్. క్రికెట్ల పక్కింటోళ్ళు ముందు అరుస్తరు సూడు, గట్ల."

అత్త వినలేదు. మలుపులో గాలి లేచి దీపం వంగింది, నీలంగా చిన్నదైంది. ఆవిడ కుర్చీలోనే ముందుకు వంగి, రెండు చేతులూ తెరకు అడ్డం పెట్టింది. "పైలం బిడ్డా, పైలం... మెల్లగ... మెడ తిప్పకు..." అవతల కోడలు ఎప్పుడో గుడి మెట్లెక్కేసింది. ఆ మాట చెప్పడానికి భాయ్‌కి గానీ నాకు గానీ నోరు రాలేదు. నిజానికి మేమిద్దరం కూడా ఊపిరి బిగబట్టుకునే ఉన్నాం. దీపం నిలబడింది. మైకు మళ్ళీ పలికింది, ఈసారి టీవీలోంచి. అత్త చెంబెత్తి గటగటా తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, "నాకంటే మంచిగ నడిచింది" అంది.

జీవితమంతా ఆలస్యంగా వచ్చినవాళ్ళ పేర్లు రాసిన నేను ఆ రోజు నుంచి ఆలస్యాన్ని తప్పు కింద లెక్కవేయడం మానేశాను. కాలం ఎవరి కోసమూ ఆగదంటారు, నిజమే కావచ్చు. కానీ వెనకబడ్డ ఆ ఒక్క నిమిషం వల్లనే మేం ముగ్గురం వేళకు అందాం.