వసంతమ్మ నిలవ నీళ్లు

"...కోడిగుడ్డు కూడా దాటని గడప మే ఇది! ఈ ఇంట్లోకి చేపల్ని తెస్తావా?"

"తినేదానికి తెస్తానా వదినా? చూసేదానికి."

"చూసేదానికి టీవీ ఉండాది గదా! పెంచుకోవల్లంటే తులసి చెట్టుండాది, చిలకలుండాయి. పోయి పోయి చేపలా? మా తాతా, మా నాయనా ఏనాడన్నా ఒక చేపని ఈ ఇంట్లో అడుగు పెట్టనిచ్చినారా?"

"చేపకి అడుగులు యాడుండాయి వదినా?" అంది వసంతమ్మ.

ఆటో అతనికి నవ్వాగలేదు. చేతిలోని గాజు తొట్టిని తిన్నె మీద పెట్టేసి, మొహం పక్కకు తిప్పుకొని వెళ్లిపోయాడు. నాగరత్నమ్మ ఆ తొట్టి వైపు, ఎవరో తమ ఇంటి ముందు వదిలేసి పోయిన శవాన్ని చూసినట్టు చూసింది. అది రెండడుగుల పొడవు, అడుగు ఎత్తు ఉన్న మామూలు తొట్టి. దాని లోపల ఒక గులకరాళ్ల సంచీ, అరచేతిలో పట్టే గాలి మోటారు, నల్లటి స్పంజి ముక్క, ప్లాస్టిక్ కవరులో నాచు లాంటి మొక్క ఉన్నాయి. చేపలు మాత్రం లేవు. చేపల అంగడి జోయల్ ఆ రోజు చేపలు ఇవ్వనన్నాడు.

తిరుచానూరులో ఆ వీధిలో వసంతమ్మ అంటే శుభ్రం. అరవై ఏళ్లకు దగ్గర పడిన ఆమె ఇల్లు, వాకిలి ఎంత శుభ్రంగా ఉంటాయో చెప్పి అత్తలు కోడళ్లను దెప్పేవాళ్లు. ఆమె మాత్రం పుట్టుకతో అట్లాంటి మనిషి కాదు. వడమాలపేటలో పుట్టిల్లు, బావి దూరం. ఆ ఇంట్లో మొహం కడిగిన నీళ్లు కూడా వంకాయ మొక్కలకు పోయేవి. కాపురానికి వచ్చిన మర్నాడు పొద్దున, అత్తగారు నిండు బిందెలు రెండు తెచ్చి వీధి కాలవలో ఒంపేస్తుంటే కొత్త కోడలు ఆగలేకపోయింది.

"బాగుండాయి గదత్తా, ఎందుకు పారబోస్తారు?" అని అడిగింది.

"రాత్రి గడిచిన నీళ్లు నిలవ నీళ్లు. అవి ఇంట్లో పెట్టుకుంటే అమ్మవారు తొంగి కూడా చూడదు. వడమాలపేటలో ఎట్లనో నాకు తెలీదు, తిరుచానూరులో ఇంతే."

పక్కనే నిలబడి ఉన్న ఆడబిడ్డ నాగరత్నమ్మ నవ్వింది. ఆ నవ్వు వసంతమ్మ చాలా కాలం మర్చిపోలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో తెల్లవారేసరికి చుక్క పాత నీళ్లు ఉండేవి కావు. బిందె, చెంబు, పూజ గదిలో పంచపాత్ర అన్నీ ఖాళీ చేసి, చింతపండు, రాళ్లుప్పు వేసి తోమి, మళ్లీ నింపేది. శుక్రవారమైతే ఇల్లంతా కడిగేది. అత్త పోయాక కూడా అది ఆగలేదు. గాజులు, కుంకుమ అమ్మే భర్త పోయిన ఏడాదీ ఆగలేదు. ఇప్పుడు ఆ గాజుల అంగడిని కొడుకు ధనశేఖర్ చూసుకుంటున్నాడు. వంటిల్లు కోడలు హేమశ్రీ చేతికి పోయింది. వెనక వాటాలో ఉండే నాగరత్నమ్మ మాట మాత్రం ఇప్పటికీ ముందు వాటాలో చెల్లుతుంది.

ఆ ఏడాది వేసవిలో వసంతమ్మకు మోకాలి ఆపరేషను అయింది. తిరుపతిలో ఆ ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా గంటల తరబడి కూర్చోవలసి వచ్చేది. కూర్చునే చోట గోడకు ఆనించి ఒక చేపల తొట్టి ఉండేది. దాని ముందు కూర్చున్నంత సేపూ ఆమెకు మోకాలు గుర్తుకు రాలేదు. కట్టు విప్పిన తర్వాత ఇంక ఆసుపత్రికి రానక్కర లేదని చెప్తే అందరూ సంతోషించారు, ఆమె ఒక్కతే కొంచెం దిగులు పడింది. తనకంటూ ఏదైనా కావాలని ఆమె ఆ ఇంట్లో ఎవరినీ అడిగింది లేదు. ఇప్పుడూ అడగలేదు. ఒక రోజు ఆటో ఎక్కి తిరుపతి పోయి, బస్టాండు వెనక సందులో చేపల అంగడి ఎక్కడుందో కనుక్కుంది.

"మొదటిసారి పెంచేదా పెద్దమ్మా? అయితే పెద్ద తొట్టి వద్దు, రంగురంగుల బొమ్మలూ వద్దు," అన్నాడు జోయల్. నలభై ఏళ్ల మనిషి, చొక్కా చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. "ఇది చాలు. గప్పీలు పెంచుకో, మొండివి. కానీ ఇయ్యాల చేపలియ్యను. ఇంటికి పొయ్యి రాళ్లు కడిగి పరిచి, నీళ్లు పట్టి, మోటారు ఆడించు. వారం తొట్టిలో నీళ్లు పెట్టినాక రా."

వారం తర్వాత ఆమె వచ్చింది.

"నీళ్లు వారం పెట్టినావా?"

"పెట్టినానప్పా."

అందులో అబద్ధమేమీ లేదు. వారమంతా తొట్టిలో నీళ్లు ఉన్నాయి. కాకపోతే రోజూ తెల్లవారి పాతవి పారబోసి కొత్తవి పట్టింది. శుక్రవారం నాడు రాళ్లను కూడా చింతపండేసి తోమింది. చేపలు ఉండబోయే చోటు పూజ గది కంటే శుభ్రంగా ఉండాలని ఆమె తాపత్రయం.

గప్పీలు తోకలు విసనకర్రల్లా ఊపుకుంటూ వచ్చాయి. మూడో నాటికి నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. శుక్రవారం ఇల్లు కడిగి, తొట్టి కడిగి, కొళాయి నీళ్లు నింపి చూస్తే అన్నీ వెల్లకిలా తేలాయి.

"తలకు పోసుకో పో," అంది నాగరత్నమ్మ. "శుక్రవారం పూట ఇంట్లో చావు. చెప్తే విన్నావా?"

వసంతమ్మ తలకు పోసుకోలేదు. చనిపోయిన చేపల్ని కొబ్బరి చెట్టు మొదట్లో పూడ్చి, మర్నాడు మళ్లీ తిరుపతి పోయి ఇంకొన్ని తెచ్చింది. ఈసారి ఇంకా శ్రద్ధగా, రోజూ తోమింది. అవి ఇంకా తొందరగా పోయాయి.

రాత్రి అన్నాల దగ్గర ధనశేఖర్ నెమ్మదిగానే చెప్పాడు. "వదిలెయ్‌మా. మనకు అచ్చిరాలేదనుకో. కార్తీకంలో అమ్మవారి పంచమి తీర్థానికి చిత్తూరు మామోళ్లంతా వస్తారు. వాళ్ల మడి సంగతి నీకు తెల్సు గదా. పంచమి లోపల ఆ తొట్టిని మిద్దె మీదికి ఎత్తేస్తా."

"దోమలు కూడా వస్తాయత్తా," అంది హేమశ్రీ, మామిడికాయ పచ్చడి వడ్డిస్తూ.

"పంచమి ఇంకా రాలేదు గదా," అంది వసంతమ్మ.

ఈసారి ఆమె జోయల్ అంగడికి పోయింది పోట్లాడడానికి.

"ఏమప్పా, ముసిల్దాన్నని చచ్చే చేపలు అంటగట్టినావా? ఇంత బాగా చూసుకుంటే ఎట్ల చస్తాయి? రోజూ నీళ్లు మార్చినా. రాళ్లు తోమినా. ఆ స్పంజిని సబ్బేసి ఉతికినా!"

జోయల్ చేతిలో ఉన్న వల కింద పెట్టాడు. "రోజూనా?"

"రోజూనే. నీ మాదిరి పాచి నీళ్లలో పెడతాననుకున్నావా?"

"అయ్యో పెద్దమ్మా! నువ్వు చేపల్ని పెంచలేదు, దినామూ కాపురం మార్పించినావు!" నవ్వాలో తల పట్టుకోవాలో అతనికి అర్థం కాలేదు. "చేప ఆ నీళ్లలోనే తింటాది, ఆ నీళ్లలోనే అన్నీ చేస్తాది. అది విషం. దాన్ని తినేసేదానికి కంటికి కనపడని పురుగులుంటాయి. అవి ఆ స్పంజిలో, రాళ్లలో నిదానంగా పుడతాయి, అందుకే వారం ముందే నీళ్లు పెట్టమంటి; నిండా పెరిగేదానికి నెల పైనే పట్టొచ్చు. నువ్వు సబ్బేసి ఉతికితే అవి యాడ బతికేది? మళ్లా కొళాయి నీళ్లలో మందు ఒకటి. ఒక పగలూ రాత్రీ బకెట్లో ఉంచితే గానీ ఆ మందు పోదు. వారానికొకసారి పావు వంతు తీసి, ఆ ఉంచిన నీళ్లు పొయ్యి. మిగతాది ముట్టొద్దు."

"పురుగుల్ని పెంచమంటావా?"

"మంచి పురుగులు."

"పురుగుల్లో మంచివి కూడా ఉంటాయా? పో అబ్బా!"

ఆమె ఏమీ కొనకుండానే వచ్చేసింది. దారి పొడుగునా, తొట్టిని ధనశేఖర్ ఎత్తకముందే తానే మిద్దె మీదికి పంపేయాలని అనుకుంటూ వచ్చింది. నిలవ నీళ్లు, పైగా పురుగులు, తన గదిలో, తన మంచం పక్కన!

ఆ సాయంత్రం హేమశ్రీకి తలనొప్పిగా ఉండి, పాలు తోడు పెట్టే పని వసంతమ్మకు వచ్చింది. పాలు గోరువెచ్చన అయ్యేదాకా ఆగి, పెరుగు గిన్నె మూత తీసి, చెంచాతో అడుగున ఉన్నది తీసింది. నిన్నటి పెరుగు. అది మొన్నటి పెరుగుతో తోడుకున్నది. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నీళ్లు పారబోయమన్న అత్తగారే, తోడు గిన్నె కడిగేసినందుకు ఆమెను వాకిట్లో నిలబెట్టి తిట్టింది. "తోడు లేకుండా చేస్తివి గదే, ఇప్పుడు ఎవరింటికి పోయి అడుక్కునేది?" అని. ఇల్లు మొత్తంలో పాతది పారబోయకుండా దాచుకునే గిన్నె అదొక్కటే. అది పులుస్తుంది, వాసన వస్తుంది, అందులో ఏం జరుగుతుందో కంటికి కనపడదు. దాన్ని ఎవరూ మైల అనలేదు.

చెంచా పట్టుకుని ఆమె పాలు చల్లారిపోయేదాకా అట్లాగే నిలబడింది. పాలు మళ్లీ వెచ్చబెట్టవలసి వచ్చింది.

మర్నాడు జోయల్ అంగడి తలుపు తీసేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఏం పెద్దమ్మా, మళ్లా పోట్లాటకా?"

"నీ అంగట్లో బాగా పాత తొట్టి ఏది? దాంట్లో నానిన స్పంజి ఒకటియ్యి. కడగొద్దు."

"కడగని స్పంజి నీకెందుకు?"

"తోడుకి."

జోయల్ ఆమె మొహంలోకి ఒకసారి చూసి లోపలికి పోయాడు. మూలనున్న పెద్ద తొట్టిలోంచి మట్టి రంగుకు తిరిగిన స్పంజి తీసి, అదే నీళ్లతో సహా కవరులో కట్టి ఇచ్చాడు. "తడి ఆరనీయొద్దు. ఇంటికి పోతానే తొట్టిలో వెయ్యి. ఇయ్యాల రెండు చేపలే తీసుకుపో. అవి నిలబడితే మిగతావి," అన్నాడు.

చేపలకు మేత వేయడం కష్టం కాలేదు, చిటికెడు వేసి ఆగడం నేర్చుకుంది. కష్టమంతా చేతులతోనే. కొన్నాళ్లకు నీళ్లు బియ్యం కడుగు నీళ్లలా తెల్లగా మారాయి. గాజుకు పచ్చటి జిగురు పట్టింది. తెల్లవారి లేవగానే చేతులు తమంతట తామే తొట్టి వైపు పోయేవి. ఆమె వాటిని చీర కొంగులో చుట్టుకొని మంచం మీద కూర్చునేది. మొదటి శుక్రవారం ఇల్లంతా కడిగి, తన గది గుమ్మం దగ్గరకు వచ్చి ఆగిపోయింది. ఒళ్లంతా చీమలు పాకినట్టుంది. గదిలో నేల తుడిచి బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసింది. ఇంకొన్నాళ్లకు నీళ్లలోని తెలుపు దానంతట అదే విరిగింది. నీళ్ల వెనక గోడ మీది సున్నం గీతలు కూడా కనపడసాగాయి. రెండు చేపలు నిలబడ్డాయి. తర్వాత ఇంకో నాలుగు వచ్చాయి, అవీ నిలబడ్డాయి. హేమశ్రీ మొక్కల కుండీలో కదిలే దోమ పిల్లల్ని చెంచాతో తెచ్చి తొట్టిలో వేసి చూసింది. గప్పీలు వాటిని ఒక్కటి కూడా మిగల్చలేదు. ఆమె మళ్లీ దోమల మాట ఎత్తలేదు.

తొట్టిలో పొయ్యడానికి ఉంచిన బకెట్టును మాత్రం వసంతమ్మ మంచం కిందికి తోసి, మూత పెట్టి, మూత మీద పాత చీర కప్పేది. అంత ధైర్యం ఆమెకు ఇంకా రాలేదు.

పంచమి తీర్థానికి ముందు ఇల్లు దులిపే రోజున నాగరత్నమ్మ చీపురు పట్టుకొని స్వయంగా వచ్చింది. మంచం కింద చీపురు కొసకు బకెట్టు తగిలింది. చీర లాగింది, మూత తీసింది.

"ఇదేంది మే వసంతా?"

"నీళ్లు."

"ఎప్పటివి?"

"నిన్నటివి."

నాగరత్నమ్మ చీపురు కింద పడేసింది. "ధనా! ఒరే ధనా! ఇట్లా వచ్చి చూడు. మీ అమ్మ మంచం కింద నిలవ నీళ్లు దాచుకోనుండాది! మా అమ్మ చూసుంటే ఏమయ్యేదో! పారబొయ్ మే ముందు."

"పొయ్యను వదినా."

"ఏమంటివి?"

"పొయ్యనంటిని." ఆమె గొంతు పెద్దగా లేవలేదు. "మీ ఇంట్లో పెరుగు గిన్నె ఉండాది గదా. నిన్నటిది వెయ్యకుండా రేపటికి తోడుకోమను చూస్తాం."

"పెరుగూ, చేపల ఉచ్చా ఒకటేనా!"

గుమ్మంలో నిలబడిన హేమశ్రీ నవ్వు దాచుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒకటని నేనంటినా? ఆ పెరుగు లేకుంటే మీకు జరగదు, ఈ నీళ్లు లేకుంటే వాటికి జరగదు. ఇన్నేళ్లూ మీరు పారబొయ్యమంటే పారబోసినా. నిండు బిందెలు పారబోసినా. ఒక్కనాడు కూడా ఎందుకని మళ్లీ అడగలేదు."

ధనశేఖర్ తొట్టి పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఒక గప్పీ గాజు దాకా వచ్చి అతని వేలి వైపు చూసి తిరిగిపోయింది. "అది కాదుమా," అన్నాడు. "రేపు సాయంత్రానికి మామోళ్లు దిగుతారు. అత్తమ్మ చెప్పకున్నా వాళ్లకు కనపడతాది. మన ఇంట్లో తినం అంటే? అంతమందిలో మన పరువు... నాలుగు రోజులే. తొట్టి ఒంపేసి మిద్దె మీద పెడతా. పంచమి అయినాక మళ్లీ కొత్తగా పట్టుకో."

"కొత్తగా పడితే చస్తాయి."

"అవి చేపలుమా!"

"తెల్సు."

నాగరత్నమ్మ వంగి బకెట్టు పిడి పట్టుకుంది. వసంతమ్మ మంచం మీంచి లేచింది. ఆపరేషనైన కాలు ముందుగా ఆనించి, నిదానంగా వచ్చి, వదిన చేతి మీద చెయ్యి వేసి పిడి విడిపించింది. బకెట్టును ఎత్తి, మంచం కింద కాకుండా గది నడుమ, గుమ్మంలోంచి అందరికీ కనపడేటట్టు పెట్టింది. పాత చీరను మడిచి అలమరలో పెట్టింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"ఇల్లంతా కడగండి. ముగ్గు నేనే వేస్తా, పొంగలి నేనే పెడతా. ఈ గదిలో నీళ్లను మాత్రం ఎవురూ ముట్టుకోవద్దు. నిలవ నీళ్లుండే ఇంట్లో తినం అనేవాళ్లకి లాడ్జిలో రూములుండాయి ధనా, ఇప్పుడే పోయి ఒకటి చెప్పిరా."