బుట్ట దిగేది, నేను దిగేదాన్ని కాదు

ఇవన్నీ ముందే రాయలేకపోవడానికి కారణం మెట్లు. బడి మా గల్లీ మొదట్లోనే ఉండేది. చిన్నప్పుడు జ్వరం వచ్చి నా కాళ్లు చచ్చుబడ్డాక, అమ్మ కొన్నాళ్లు చంకనేసుకుని దించింది. నేను బరువెక్కాను, అమ్మ నడుము పోయింది, బడి ఆగిపోయింది. యాభై దాటాక, కింది వాటాలో గాజుల వ్యాపారం చేసే భాయ్ కోడలు మధ్యాహ్నాలు పైకి వచ్చి నాతో అక్షరాలు దిద్దించింది. ఆమె మెట్లెక్కగలదు కాబట్టి నాకు చదువొచ్చింది.

హుస్సేనీ ఆలంలోని మా ఇంటి మెట్లు నిటారుగా, ఒక్క మనిషే పట్టేంత ఇరుకుగా ఉంటాయి. పైన ఒక గదిలో నేను, పక్క గదుల్లో ఇంటింటికీ పాలు పోసే తమ్ముడి కుటుంబం. లాడ్ బజార్‌కు పోయే లక్క గాజులకు రాళ్లు అతికించడం నా పని. కిటికీలోంచి తాడుతో బుట్ట దించితే గాజులు పైకొచ్చేవి, పనయ్యాక దిగేవి. కూరగాయలూ అంతే. నన్ను దించాలంటే మాత్రం తమ్ముడు వీపు మీద మోయాలి. పెళ్లిళ్లకు మోశాడు, ఆసుపత్రికి మోశాడు. ఊరికే గల్లీ చూస్తానంటే, "గల్లీల ఏమున్నది అక్కా చూడనీకి?" అనేవాడు.

పురానాపూల్ దగ్గర మెట్లు లేని గది ఒకటి ఖాళీ ఉందని భాయ్ చెప్పాడు. అద్దె నా పనితో కట్టుకోగలను. తమ్ముడు మాత్రం, "అక్కను ఎల్లగొట్టిండంటరు" అని ఆ ఇంటాయనకు ఫోన్ చేసి, నాకు మతి సరిగా లేదని చెప్పాడు. ఇంటాయన వెనక్కి తగ్గాడు. నా మతి సంగతి రెండు రోజుల్లో తేల్చకపోతే గది ఇంకొకరికి ఇస్తానన్నాడు.

భాయ్ కోడలు ఒక వకీలమ్మను పిలిపించింది. ఆమె మాలాంటివాళ్ల కేసులే చూస్తుంది. చక్రాల కుర్చీలో వచ్చి మా మెట్ల దగ్గర ఆగిపోయింది. ఆమె కింద, నేను పైన కిటికీలో. మా కేసు గల్లీ అంతా వినేలా మాట్లాడుకోవాల్సి వచ్చింది.

"అక్కా, మీరు యాడ ఉండాల్నో అది మీ ఇష్టం. చట్టంలనే ఉన్నది!"

"జర గట్టిగ చెప్పు వకీలమ్మా, హారన్లే వినబడుతున్నయ్!"

ఎదురింటి ముసలమ్మ గడపలోంచి అందుకుంది. "ఒక్కదానివి ఉండి ఏం జేస్తవ్ బిడ్డా? నీళ్లెవరిస్తరు నీకు?"

"నల్లా ఇస్తది!" అన్నాను.

గల్లీ అంతా నవ్వింది. వకీలమ్మ నవ్వలేదు. "మీకు మతి మంచిగనే ఉన్నదని, యాడ ఉంటరో రేపు వికలాంగుల ఆఫీసర్ ముంగట మీ నోటితోనే చెప్పాలె అక్కా. ఆయననే ఇక్కడికి రమ్మని అడిగిన, నెల పడ్తదన్నడు. ఇష్టమున్న కాడ ఉండొచ్చని మీకు ఆర్డర్ వచ్చిందంటే, గిట్ల పైన కూసున్న మస్తు మందికి పనికొస్తది."

రేపు అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. భాయ్‌కి మోకాళ్ల నొప్పులు. ఇద్దరు కలిసి మోద్దామంటే మెట్లు పట్టవు. బయటివాడెవరైనా ఎత్తుకుంటే తమ్ముడు గుమ్మంలో అడ్డం నిలబడతాడు.

అంతలో తమ్ముడు పాల క్యాన్లతో వచ్చాడు. అంతా విన్నట్టున్నాడు, నేరుగా నా గదిలోకి వచ్చాడు.

"నా ఈపు మీద కూసోని పోయి నా మీదనే చెప్తవా అక్కా? నీకేం తక్కువ జేసిన?"

తక్కువ చేయలేదు. నాకు జ్వరమొస్తే తినకుండా కూర్చునేవాడు. ఆ ప్రశ్న వేసినప్పుడల్లా గాజుల పని ముందుకు లాక్కునేదాన్ని. ఆ రోజు మాత్రం అన్నాను. "తక్కువ జేయలే తమ్మీ. దించమంటున్న, గంతే."

"దించ. ఈ లొల్లి బంద్."

బుట్టను పైకి లాగి, తాడు విప్పుకుని పోయాడు. అప్పటిదాకా కనీసం గాజులైనా దిగేవి. ఖాళీ బుట్ట ఒళ్లో పెట్టుకుని చీకటి పడేదాకా కూర్చున్నాను.

మరునాడు పొద్దున తమ్ముడు పాలకు వెళ్లగానే, గోనెపట్టా నడుముకు చుట్టుకుని పై మెట్టు మీద కూర్చున్నాను. రెండు చేతులూ గోడలకు ఆనించి కింది మెట్టు మీదికి జారాను. తర్వాత ఇంకొకటి. సగం దిగేసరికి అరచేతులు కొట్టుకుపోయాయి. మళ్లీ పైకి పోలేను, కింద ఇంకా సగం ఉంది.

అప్పుడే తమ్ముడు తిరిగి వచ్చాడు. క్యాన్లు వదిలేసి గబగబా ఎక్కి వచ్చాడు.

"అక్కా, పడ్తవ్! పా, పైకి ఎత్తుకపోత."

"వద్దు. జరుగు."

అతను జరగలేదు. ఆ ఇరుకులో ఇద్దరం పట్టం. నేను ఇంకో మెట్టు జారాను. నా కాళ్లు తగిలి అతను ఒక మెట్టు వెనక్కి దిగాడు.