చెదలు పట్టిందని చెప్పిన కుర్చీ

నా ఎడమ కాలు కుడికాలి కంటే పొట్టి. పసితనంలో పోలియో వచ్చింది. మామూలు కుర్చీలో కూర్చుంటే ఆ పాదం నేలకు అందదు. నాకు టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో, నందికొట్కూరులో మా వీధి చివర ఉండే వడ్రంగి నన్ను పిలిచి, చెప్పులు విప్పించి, రెండు కాళ్లూ దారంతో కొలిచాడు. ఆయన్ను చిన్నప్పటి నుంచీ పెదనాయనా అనేదాన్ని. నెల తర్వాత వేపకట్టెతో కుర్చీ చేసి తెచ్చాడు. ఎడమ పాదం కింద చిన్న పలక బిగించాడు. కూర్చుంటే రెండు పాదాలూ ఒకేసారి ఆనాయి. నాకు అలా ఆనడం అదే మొదలు.

పద్నాలుగేళ్లు ఆ కుర్చీలోనే పరీక్ష పేపర్లు దిద్దాను. ఒక్క కీలు వదులు కాలేదు.

కర్నూలులో ఫ్లాట్ కొన్నాక గృహప్రవేశానికి మా స్కూలు వాళ్లు వచ్చారు. వాళ్లలో ఒకామె కుర్చీని చూసి, "ఇదేంది మేడం, ఒక పక్కనే మెట్టు ఉండాది?" అంది. తెలియకే అడిగింది. అందరి చూపులూ పలక మీంచి నా కాలి మీదికి వచ్చాయి.

ఆ వారమే ఫోన్లో చూసి, గుండ్రంగా తిరిగే నల్లటి ఆఫీసు కుర్చీ తెప్పించాను. పాతదాన్ని వాచ్‌మన్‌కు ఇచ్చేశాను. అతను దాన్ని నీళ్లు కాచే పొయ్యిలోకి కట్టెలుగా కొట్టుకున్నాడు. "శానా గట్టిది మేడం, రెండు దినాలు పట్టింది" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

కొత్త కుర్చీకి ఏడాది నిండలేదు. మొదట సీటు కుంగింది. ఒక ఆదివారం అడుగున ప్లాస్టిక్ కాలు విరిగి, పేపర్లతో సహా కిందపడ్డాను. బాగు చేయిద్దామంటే ఆ ముక్క విడిగా దొరకదన్నారు.

నడుం నొప్పితోనే నందికొట్కూరు వెళ్లాను. పెదనాయన వాకిట్లో పలకకు చిత్రిక పడుతున్నాడు. ఇంకో కుర్చీ కావాలన్నాను.

"ముందుది ఏమాయ పాపా?"

"చెదలు పట్టింది" అనేశాను.

ఆయన చెయ్యి ఆగింది. "వేప చేవకు చెదలా? మాను నడిమి కట్టె గదా నేను కోసింది." చిత్రిక పక్కన పెట్టాడు. "ఐతే నాదే తప్పు. యాడనో చేవలేని తెల్లకట్టె కలిసింటాది. చూసుకోలేకపోతిని."

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. "పోనీలే పెదనాయనా" అన్నాను, క్షమిస్తున్నదానిలా.

నెల తర్వాత వెళ్తే కుర్చీ మొదలే పెట్టలేదు. ఆయన భార్య చెప్పింది: "ఆ పొద్దు నుంచి ఈయప్ప ఊరంతా తిరిగి, తాను చేసిన తలుపులు, మంచాలు గోటితో గీకి చూసుకుంటాండాడు. చూపు తగ్గింది, ఇంక పని చాలిస్తా అంటాండాడు."

ఆయన తల ఎత్తలేదు. "కర్నూల్లో మంచి పనోళ్లుండారు పాపా. వాళ్లతో చేయించుకో."

నిలబడే అంతా చెప్పాను. చెదలు లేవు, వాచ్‌మన్‌కు ఇచ్చాను, అతను పొయ్యిలో పెట్టుకున్నాడు.

"ఐతే కట్టె మంచిదేనా?" అన్నాడు.

"మంచిదే. కొట్టడానికి రెండు రోజులు పట్టింది."

ఆయన ముఖం తేటపడింది. "వింటివా, చెదలు కాదంట" అని భార్య వైపు తిరిగాడు. ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఎప్పుడు వెళ్లినా అన్నం తినిపోమనే మనిషి ఆ రోజు మళ్లీ బయటికి రాలేదు.

కుర్చీ ఎందుకు వదిలించుకున్నానో ఆయన అడగలేదు. అడిగితే నా కాలిని చూసి నేనే సిగ్గుపడ్డానని చెప్పేదాన్ని. అడగకపోవడంతో అది నాలోనే ఉండిపోయింది.

ఇంకో నెలకు, తాను చేసిన కుర్చీని ఆటోలో వేసుకుని ఆయనే వచ్చాడు. లిఫ్టు పని చేయడం లేదు. మూడంతస్తులు తానే మోసుకొచ్చి, భుజం మీది తుండుగుడ్డతో తుడిచి, నన్ను కూర్చోబెట్టి చూశాడు. మంచినీళ్లు తాగి, పోయేముందు వాకిలి దగ్గర ఆగాడు.

"ఈతూరి వద్దనుకుంటే నాకు చెప్పు పాపా. నేనొచ్చి తీస్కపోతా."

కోపంగా అనలేదు. నేను తల ఊపాను గానీ ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.