పాలరాతి మేడలో ఒక కాలివేలు

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో ఎక్కిన మెయిలు తెల్లారి ఆరింటికి నన్ను హౌరాలో దించింది. బస్సు పట్టుకుని ఖిదిర్‌పూర్‌లో మావయ్య క్వార్టర్సుకి చేరేసరికి ఏడున్నర. మావయ్య అక్కడి ఓడరేవు డాకులో సరుకు మోసే కళాసీల మేస్త్రీ. వచ్చే నెల రిటైరవుతాడు. ఈలోగా అత్త దగ్గర ఒక మాట నెగ్గించుకోవాలని ఆయన పంతం.

ఉత్తర కలకత్తాలో పూర్వం ఒక వర్తకుడు కట్టించుకున్న పాలరాతి మేడ ఉంది. అందులోని బొమ్మలు దొరల సీమ నుంచి ఓడల్లో వచ్చాయి. ఒక బొమ్మను మోసింది మా ముత్తాత ముఠాయేనట. మెట్ల దగ్గర తగిలి దాని కాలి చిటికెన వేలు విరిగితే, లక్కతో అతికించి, కూలి అడక్కుండా పారిపోయారట. ముప్ఫయ్యేళ్ళుగా ఈ కథ ఎత్తగానే అత్త నవ్వుతుంది.

"ముందు ఆ ఏలు సూపించు. అప్పుడు నమ్ముతాను," అంది లూచీలు, అంటే బెంగాలీ పూరీలు, వడ్డిస్తూ.

తొమ్మిదిన్నరకి ముగ్గురం బయల్దేరాం. దారిలో ఎర్రజెండాల ఊరేగింపు వెళ్ళేదాకా బస్సు ఆగింది. మేడ చేరేసరికి పదకొండు. టికెట్టు లేదు గాని ముందురోజే అనుమతి కాగితం తీసుకోవాలి, మాకు మావయ్య తెచ్చి ఉంచాడు, వెళ్ళేవాళ్ళు మరిచిపోకండి.

గ్రీకు గుడిలాంటి స్తంభాలు, కప్పు దాకా అద్దాలు! ఎటు చూసినా నేనే కనిపించి నవ్వాగలేదు. వారసులు వెనక వాటాలో ఉంటూ ముందు హాళ్ళను జనానికి తెరిచారని గైడు చెప్పాడు. మావయ్య ఒక్క బొమ్మ మొహమైనా చూస్తేనా!

"దీనికి పన్నెండు మంది కావాల. తాడు నడుం కాడెయ్యాల," అంటూ ప్రతి బొమ్మ కాళ్ళ దగ్గరా వంగాడు. మేమూ వంగాం. వెనక వస్తున్న బెంగాలీ కుటుంబం మమ్మల్ని చూసి, ఎందుకైనా మంచిదని ఆ కాళ్ళకి దణ్ణాలు పెట్టడం మొదలెట్టింది. గైడు నెత్తి కొట్టుకున్నాడు.

మెట్ల పక్కనున్న బొమ్మ దగ్గర అత్త గబుక్కున ఆగింది. "ఇటు సూడు," అంది మెల్లగా. చిటికెన వేలి చుట్టూ సన్నటి ఎర్ర లక్కగీత.

మావయ్య కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. నాకు ఆ హాల్లోనే గెంతాలనిపించింది.

రెండింటికి తిరుగు బస్సు. ఎందరో బొమ్మలు చూసి వస్తారు, మేము మా ముత్తాతని చూసి వస్తున్నట్టు ఉంది నాకు. అత్త పక్క సీట్లో వాట్‌గంజ్ వెళ్ళే మన వైపు ముసలమ్మ కూర్చుంది. అత్త ఆవిడకి కథంతా చెప్పింది.

"నిజఁవేటి?" అంది ముసలమ్మ.

అత్తకి కోపం వచ్చింది. "నిజం కాపోతే ఏటి? ముప్పయ్యేళ్ళ నుంచీ సెప్తన్నాం, ఒక్కరైనా నమ్మితేనా!"