తోపులో రెండు దగ్గులు

మొన్న నా మోకాళ్లు చూపించుకోవడానికి వెళ్లి ఆస్పత్రి వరండాలో కూర్చుంటే, డాక్టరమ్మ పక్క కుర్రవాడికి క్షయ అని చెప్పింది. ఆర్నెల్లు మాత్రలు మింగితే పోతుందంది. "ఆర్నెల్లా మేడమ్?" అని వాడు మొహం చిట్లించుకున్నాడు. నాకు సత్యవేడు దగ్గరి మా మామిడితోపు గుర్తొచ్చింది.

పందొమ్మిదివందల నలభైల్లో, నాకు పద్దెనిమిదేళ్లప్పుడు, మా చిన్నాయన దగ్గు మొదలుపెట్టాడు. ఇంట్లో దాన్ని జలుబనేవాళ్లు. ఏడాదిపాటు సాగిన జలుబు మా చుట్టుపక్కల అదొక్కటే. మాత్రలు అప్పటికింకా రాలేదు గానీ, మా అవ్వ దగ్గర ఒక వైద్యం ఉండేది. అడవిగాలి పీల్చే యానాదులకు ఈ రోగం రాదట, వాళ్ల పక్కన కూర్చుంటే ఉన్నది కూడా పోతుందట. అలా చిన్నాయన మంచం తోపు కాసే యానాది గుడిసె పక్కకు చేరింది. అవ్వ కాశీకి పంపుతున్నట్టు ఏడ్చి సాగనంపింది. తోపు మా పెరట్లోంచి కేకేస్తే వినబడేంత దూరం.

కావలి మనిషిదీ చిన్నాయన ఈడే. ఇద్దరూ పగలంతా చిలకల్ని తోలుతూ, అవ్వ పంపిన మజ్జిగ తాగుతూ ఉండేవాళ్లు. ఒకనాడు చూస్తే ఇద్దరూ దగ్గుతున్నారు. ఎన్నాళ్లనుంచని అతని భార్యను అడిగితే నింపాదిగా చెప్పింది. "ఈడికి మీ మంచం రాకముందు నుంచే. మీలా నెయ్యి తినేటోళ్లకి ఈ జబ్బు రాదంట గదా సామీ. మీ చిన్నాయన పక్కన ఉంటే నయమైతాదని నేనే ఆడ కూసోబెట్టినా."

"ఏ మందు ముందు పనిచేస్తాదో సూద్దాం చిన్నాయనా," అన్నాను. ఇద్దరూ నవ్వబోయి దగ్గారు.

చిన్నాయన అతన్ని వెంటబెట్టుకుని తిరుపతి బయల్దేరాడు, నేను తోడు వెళ్లాను. బొగ్గుతో నడిచే బస్సు. అందులో అందరూ దగ్గుతున్నారు కాబట్టి వీళ్లనెవరూ పట్టించుకోలేదు. ఇద్దరికీ అదే రోగమన్నాడు డాక్టరు. ఎక్కడో దూరాన కొండమీద, మంచిగాలే మందుగా నడిచే క్షయ ఆస్పత్రికి ఉత్తరం మాత్రం చిన్నాయనకే రాశాడు.

"ఈయప్పకు గూడా రాయండయ్యా," అన్నాడు చిన్నాయన.

"వాళ్లుండేదే ఆరుబయట. అంతకంటే మంచిగాలి అక్కడ మాత్రం ఏముంది?"

మా అవ్వ కూడా డాక్టరు చదివిందని నాకు ఆరోజే తెలిసింది. తిరుగు బస్సులో ఆ యానాదే చిన్నాయనను ఓదార్చాడు. "నువ్వు పోయి బాగై రా సామీ. చిలకల్ని నేను సూసుకుంటా."

కొండమీది ఆస్పత్రిలో చేరాక చిన్నాయన అక్కడివాళ్లను అతనికోసం రోజూ అడిగి విసిగించి ఉంటాడు. ఏడో నెలలో కార్డొచ్చింది. "నా పక్క మంచం ఖాళీ అయింది. ఒప్పుకున్నారు. ఆయప్పను తోడుకొని రా." ఎలా ఖాళీ అయిందో రాయలేదు. దారిపొడుగునా ఒక హాస్యం సిద్ధం చేసుకుంటూ తోపుకు వెళ్లాను. గుడిసె ఉండిన చోట నేల చదునుగా ఉంది. మనిషి పోయిన గుడిసెలో వాళ్లుండరు, విప్పేసి వేరేచోటికి వెళ్లిపోతారు. పోయి వారమైందట. కేకేస్తే వినబడే దూరంలో దగ్గు ఆగిపోతే, మా ఇంట్లో ఒక్కరమూ గమనించలేదు.

చిన్నాయన బాగై వచ్చి ముప్పైయేళ్లు బతికాడు. ఆ తోపులో చిలకల్ని మళ్లీ ఎవరినీ తోలనివ్వలేదు. కాయలు సగం వాటికే పోయేవి.

వరండాలో ఆ కుర్రవాడు ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. ఆర్నెల్లు చాలా కాలమే, కాదనను. నేను ఈనాటికీ దాటలేని కాలం మాత్రం ఆ ఒక్క వారం.